తూకపురాళ్లు ఎవరి చేతిలో?

తెలకపల్లి ప్రాంతపు మెట్టరైతు తొలకరికి ముందు ఒక లెక్క వేసుకుంటాడు. పత్తి పెడితే చేతికి డబ్బు వస్తుంది. పురుగు పట్టినా, ధర పడిపోయినా అప్పు మిగులుతుంది. జొన్న వేస్తే తిండికి గింజ, గొడ్లకు చొప్ప దొరుకుతాయి. డబ్బు పెద్దగా రాదు. ఒకటి పెంచుకోవాలంటే మరొకటి తగ్గించుకోవాలి.

గణితశాస్త్రంలో దీన్నే బహుళ లక్ష్యాల సమస్య అంటారు. ఒక లక్ష్యానికి నష్టం రాకుండా ఇంకొకదాన్ని మెరుగుపరచడం సాధ్యం కాని పరిష్కారాలను ఇటలీ ఆర్థికవేత్త పరేటో పేరుతో పిలుస్తారు. అవి అనేకం ఉంటాయి. లెక్క వాటిని ఏరి చూపగలదు. వాటిలో ఏది తీసుకోవాలో చెప్పలేదు. అది నిర్ణయం చేసేవాడి ఇష్టం. ఆ ఇష్టాన్ని అంకెల్లోకి తేవడమే ఈ శాస్త్రంలో కష్టమైన పని.

అందుకు ముఖ్యమైన పద్ధతులు మూడు. ఒకటి, ప్రతి లక్ష్యానికీ ముందుగానే కొంత బరువు ఇచ్చి అన్నిటినీ ఒకే మొత్తంగా కూడడం. ఇది సులభమే. కాని విద్యుత్తునూ, సాగునీటినీ ఒకే తక్కెడలో వేయాలంటే రెంటినీ ఒకే కొలతకు తేవాలి. కొలత మారిస్తే బరువుల అర్థమే మారిపోతుంది. రెండు, ఒక లక్ష్యాన్ని ప్రధానంగా పట్టుకుని, మిగతావాటికి 'ఇంతకు తగ్గరాదు' అని హద్దు గీయడం. మూడు, కొన్ని పరిష్కారాలు చూపించి, 'దీనికోసం దాన్ని ఎంత వదులుకుంటారు?' అని అడుగుతూ, జవాబును బట్టి మళ్లీ లెక్కించడం. మనిషి తన ఇష్టాన్ని ముందే సిద్ధం చేసుకుని రాడనీ, ఎంపికలు కళ్లముందుకు వచ్చాకే దాన్ని తెలుసుకుంటాడనీ ఈ మూడవ పద్ధతి గుర్తించింది.

ఈ విషయం మన పక్కనే ఉన్న శ్రీశైలం జలాశయంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1963లో శంకుస్థాపన జరిగిన ఈ ప్రాజెక్టు మొదట జలవిద్యుత్తు కోసం ఉద్దేశించింది. తరవాత సాగునీరు, తాగునీరు వచ్చి చేరాయి. పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఎంతవరకు దించవచ్చు? 1996 ఉత్తర్వు 834 అడుగులన్నది. 2004 ఉత్తర్వు 854 అన్నది. మట్టం ఎత్తులో ఉంటే పోతిరెడ్డిపాడు కాలువకు నీరు అందుతుంది. విద్యుత్తు కోసం వదిలితే మట్టం దిగుతుంది. ఇటు ఎల్లూరు దగ్గర మొదలయ్యే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం నాగర్‌కర్నూల్ ప్రాంతపు మెట్టకు నీరు తోడేదీ ఈ జలాశయం నుంచే. ఇంజనీరు లెక్కలో 854 అనేది ఒక హద్దు మాత్రమే. కాని ఆ ఇరవై అడుగుల తేడా ప్రకృతి పెట్టినది కాదు, ఒక ఇష్టం హద్దు వేషం వేసుకుని వచ్చింది.

జలాశయాన్ని నిండుగా ఉంచాలనే కోరికకూ, వరదకు చోటు మిగల్చాలనే కోరికకూ కూడా పొత్తు కుదరదు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రల వరదకు కర్నూలు నగరం మునిగిన తరవాత ఆ రెండవ కోరిక అందరికీ గుర్తుకు వచ్చింది.

ఇంకొక లక్ష్యం ఉన్నది. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సుమారు వంద గ్రామాలు ఈ నీటికింద మునిగాయి; 1981లో వేలాది కుటుంబాలను ఖాళీ చేయించారు. వాళ్ల బతుకును ఒక లక్ష్యంగా రాసి ఉంటే, దానికి ఎంత బరువు అని వాదించడానికైనా వీలుండేది. లెక్కలోకే రాని లక్ష్యానికి బరువు సున్నా. ఆ సున్నాను ఎవరూ నోటితో చెప్పనక్కరలేదు, ఎవరూ సంతకం చేయనక్కరలేదు.

పాఠ్యగ్రంథాలు 'నిర్ణయకర్త' అని ఏకవచనంలో రాస్తాయి. సమాజంలో ఆ ఏకవచనం లేదు. 2014 తరవాత ఎడమగట్టు విద్యుత్కేంద్రం ఒక రాష్ట్రానిది, కుడిగట్టుది మరొక రాష్ట్రానిది. ఆ రెండు రాష్ట్రాల లోపలా భూమి ఉన్నవాడి ఇష్టమూ, భూమి మునిగినవాడి ఇష్టమూ ఒకటి కాదు.

గణితం మీద అపనమ్మకం పెంచడం రచయిత పని కాదు. బరువులు ఎవరు వేశారు, హద్దు ఎవరు గీశారు, ఎవరిని అడగలేదు అనే మూడు ప్రశ్నలను గణితం తనంతట తాను వేసుకోలేదు. ముంపు గ్రామం మీద కథ రాసేవాడు కన్నీటి దగ్గరే ఆగిపోకుండా ఈ ప్రశ్నల దాకా వెళ్లాలి. తెలకపల్లి రైతు తన చేను విషయంలో తూకపురాళ్లను తానే పట్టుకుంటున్నాడు. కాలువ నీటి విషయంలో అవి అతని చేతికి ఇంకా రాలేదు.