నాణెంపై ముద్ర – చరిత్రకు ఆధారం

జనగామకు పొరుగునగల సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో 2024 మార్చిలో రాష్ట్ర వారసత్వ శాఖ జరిపిన తవ్వకాలలో మట్టికుండలో 3,730 సీసపు నాణేలు లభించాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయినీ చిహ్నంగల ఇవి క్రీ.శ. 3-4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించబడినవి.

ఇంచుమించు అదే యుగంలో, క్రీ.శ. 330 అనంతరం, రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ కాలపు కంచు నాణేలపై సైనిక ధ్వజాలకు ఇరువైపులా ఇద్దరు సైనికులు కనిపిస్తారు. కొన్నింటిపై క్రీస్తు చిహ్నమూ ఉంది. సైన్యబలాన్ని, మతాన్ని ఒకే బిళ్లపై ప్రజలకు చాటిన సాధనమది.

నాణేన్ని కరిగించినా, దొరికిన చోటు నమోదు కాకుండా తరలించినా ఈ ఆధారం నశిస్తుంది. కనుక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో దుక్కులలో, పునాదులలో నాణేలు బయల్పడినచో వాటిని తోమక, ఉన్నచోటనే ఉంచి, రెవెన్యూ అధికారులకు వెంటనే తెలియజేయడం అవసరం.