సున్నా దగ్గర పాదరసం

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు కాలేజీ రోజుల గొప్పలే రాద్దామనుకున్నాను. తీరా కలం పట్టేసరికి, 1981లో కెమిస్ట్రీ లాబ్‌లో నేను చేసిన చిన్న మోసం ఒకటి గుర్తుకొచ్చింది.

యూరియా అణుభారం కనుక్కునే ప్రయోగం అది. నీటిలో ఏదైనా కరిగిస్తే అది గడ్డకట్టే ఉష్ణోగ్రత కాస్త దిగుతుంది. నూరు గ్రాముల నీటిలో మూడు గ్రాముల యూరియా వేస్తే 0.93 డిగ్రీలు దిగాలి. లెక్క కడితే అణుభారం 60 రావాలి. ముందుగా ఉత్త డిస్టిల్డ్ వాటర్ పెట్టి చూశాను. పాదరసం సున్నాకు పైన, 0.4 దగ్గర ఆగింది. నీళ్లు సున్నా దగ్గర గడ్డకడతాయని చిన్న పిల్లలకు కూడా తెలుసు గదా! పొరపాటు నాదేననుకుని రికార్డులో దర్జాగా 0.0 అని వేసేశాను. తరువాత ద్రావణం -0.53 దగ్గర గడ్డకట్టింది. అణుభారం 105 వచ్చింది!

మాస్టారు రికార్డు చూసి, నన్ను పిలిచి, అదే థర్మామీటరును మళ్లీ ఐసులో పెట్టించారు. మళ్లీ 0.4.

"ఏమోయ్, ఈ సున్నా ఎవరిది? థర్మామీటరుదా, నీదా?" అన్నారు.

"నాదే సార్" అన్నాను.

0.4 నుంచి -0.53 దాకా దిగింది సరిగ్గా 0.93. అంటే ప్రయోగం సరిగ్గానే వచ్చింది. చెడగొట్టింది నా 'దిద్దుబాటు'.

ఇందులో పాదరసం తప్పేమీ లేదు. అది గడ్డకట్టాలంటే -38.83 డిగ్రీలకు పోవాలి. సున్నా దానికొక లెక్కా? తేడా అంతా గాజుతోనే వస్తుంది. కొలిమిలో తయారైన బల్బు చల్లారిన తరువాత కూడా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతూనే ఉంటుంది. లోపల జాగా తగ్గితే పాదరసం వెంట్రుకవాసి గొట్టంలోకి ఎక్కక ఏం చేస్తుంది? జూల్ పండితుడు తన థర్మామీటరు సున్నాను 1844 నుంచి 1882 దాకా గమనిస్తే, అది సుమారు అర డిగ్రీ పైకి జరిగింది! దీనికి తిరకాసు కూడా ఉంది. అదే థర్మామీటరును మరిగే నీళ్లలో పెట్టి తీసి వెంటనే ఐసులో పెడితే, వ్యాకోచించిన గాజు వెంటనే పూర్వపు కొలతకు రాదు, సున్నా కిందికి దిగుతుంది. 1884లో జర్మనీలోని యేనాలో షాట్, ఆబె ప్రభృతులు నెలకొల్పిన కార్ఖానాలో తయారైన గాజుతో ఈ బెడద చాలావరకు తగ్గింది గాని, బొత్తిగా పోలేదు.

కనుక ఐసులో చూసుకోవడమే మార్గం. అదీ తేలిక కాదు సుమా! గ్లాసులో నాలుగు ముక్కలు తేలుతుంటే చాలదు. నాలుగు డిగ్రీల నీరు అన్నిటికన్నా బరువు, అడుగుకు చేరుతుంది. బల్బు ఆ అడుగున ఉంటే ఐసు పైనున్నా రీడింగు తప్పే. శుభ్రమైన ఐసును మెత్తగా దంచి, సందులు నిండేటంత డిస్టిల్డ్ వాటర్ మాత్రం పోసి, సున్నా గీత దాకా థర్మామీటరును దించాలి. ఉప్పు తగలకూడదు. బండిమీద రంపపు పొట్టులో చుట్టి తెచ్చే ఐసు అయితే ముందు బాగా కడగాలి. పది నిమిషాలాగి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టి, కంటిని పాదరసానికి సమంగా పెట్టి చూడాలి. ఇంత చేసినా ఒక్కొక్క డిగ్రీకే గీతలున్న మామూలు థర్మామీటరుతో యూరియా ప్రయోగానికి పూనుకోవద్దు. కొలవవలసిందే డిగ్రీకి లోపు!

ఇంకొక మాట. స్వచ్ఛమైన నీరు సున్నా దాటి ఇంకా కిందికి దిగి, ఒక్కసారిగా గడ్డకడుతూ పైకి ఎగబాకుతుంది. దిగిన అంకె కాదు, ఎక్కి నిలిచిన అంకె రాసుకోవాలి. మా బ్యాచ్‌లో సగం మంది ఇక్కడే బోర్లాపడ్డారు.

చలికాలంలో లంబసింగిలో సున్నా అని పేపర్లో చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం థర్మామీటరు ఎక్కడ పెట్టారని. వాతావరణ శాఖవారు దాన్ని నేలకు నాలుగడుగుల పైన గాలి ఆడే చెక్కపెట్టెలో పెడతారు. మబ్బు, గాలి లేని రాత్రి గడ్డిమీద అంతకంటే కొన్ని డిగ్రీలు తక్కువ ఉంటుంది. పెట్టెలో మూడు ఉన్నా గడ్డిమీద మంచు పేరుకోవచ్చు.

పాదరసం విషం గనుక, 2013 నాటి మినమాటా ఒప్పందం తరువాత ఈ థర్మామీటర్లు క్రమంగా తప్పుకుంటున్నాయి. మొన్న మా అమ్మాయి తన లాబ్‌లోని డిజిటల్‌ది చూపించి, "నాన్నా, దీనికి ఆ గొడవ లేదు" అంది. ఐసు దంచి పెట్టించాను. 0.3 చూపింది.