జపాన్ లైట్ నవల: రూపాన్ని నిర్ణయించేదేది?

ఇబ్రహీంపట్నంలో ఈ మధ్య మేం పెట్టుకున్న చిన్న సాహిత్య గోష్ఠికి ఇంజనీరింగ్ చదివే కుర్రవాడొకడు ఒక పుస్తకం తెచ్చాడు. జపాన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన లైట్ నవల. మొదట్లో రంగుల బొమ్మలు, మధ్యమధ్య నలుపు తెలుపు బొమ్మలు, తక్కినదంతా వచనం. ఒక పెద్దాయన పేజీలు తిరగేసి, "మన క్షుద్ర నవలల్లాంటిదే" అని తేల్చేశారు. ఆ తేల్చివేతతోనే నాకు పేచీ.

వస్తువును బట్టి దీన్ని నిర్వచించలేం. కాన్జకా హజిమె 'స్లేయర్స్' మంత్రగత్తె సాహసాల హాస్యకథ. కదోనో కోహెయ్ 1998లో ప్రచురించిన 'బూగీపాప్' నగర జీవితంలోని భయం. 2003లో మొదలైన తానిగావా నాగరు 'హరుహి సుజుమియా' బడిపిల్లల కథ. మూడూ లైట్ నవలలే. పోనీ, సైజా? జేబులో పట్టే 'బుంకో' పుస్తకాన్ని జపానులో స్థిరపరచింది 1927లో మొదలైన ఇవానామి బుంకో. అది చౌకగా అందించింది ప్రపంచ మహాగ్రంథాలను! మన దగ్గర ఎమెస్కో కూడా పాకెట్ నవలలతో పాటు ప్రబంధాలనూ అచ్చువేసింది కదా.

అసలు తేడా గ్రంథమాలలో ఉంది. 1988లో ఫుజిమి ఫాంటసియా బుంకో, 1993లో దెన్‌గెకి బుంకో వచ్చాయి. హైస్కూలు వయసు పాఠకుణ్ణి ముందే ఎంచుకొని, అతని కోసం సంపుటాల వరసగా రాయించి, కథను బొమ్మల పత్రికకూ కార్టూన్ చిత్రానికీ ఆటకూ మళ్ళించే ఏర్పాటు అది. ఆ ఏర్పాటులోంచి వచ్చినదే లైట్ నవల. 'లైట్ నవల' అన్న పేరు మాత్రం ప్రచురణకర్త పెట్టింది కాదు. 1990 ప్రాంతంలో కంప్యూటర్లలో ముచ్చటించుకునే పాఠకులే పెట్టుకున్నారు. ఇంగ్లీషు మాటలా వినిపించినా పుట్టుక జపానుదే.

ఈ ఏర్పాటు వచనాన్ని కూడా మార్చింది. పాత్ర ముఖం, జుట్టు, దుస్తులు బొమ్మలో ఉన్నాక రచయిత వాటిని వర్ణించనక్కరలేదు. సంభాషణ పెరిగింది, పేరాలు కురచబడ్డాయి, కథంతా ఒక కుర్రవాడి లోపలి మాటగా నడవడం మామూలైంది. చిత్రకారుడి పేరు రచయిత పేరు పక్కనే అట్టమీద ఉంటుంది. అది మర్యాద కాదు, పనిలో వాటా. మన వారపత్రికల సీరియల్సుకూ బొమ్మలుండేవి. కానీ సీరియల్ పుస్తకమయ్యేసరికి లోపలి బొమ్మలు సాధారణంగా రాలిపోయి, అట్ట ఒక్కటే మిగిలేది. వచనం తన కాళ్ళమీద తాను నిలబడాల్సి వచ్చేది.

మన ఏర్పాట్లు వేరు. వెయ్యి నవలల కొవ్వలి లక్ష్మీనరసింహారావుకు రైల్వే స్టేషన్. డిటెక్టివ్ యుగంధర్‌ను సృష్టించిన కొమ్మూరి సాంబశివరావుకూ, 'సెక్రటరీ' రాసిన యద్దనపూడి సులోచనారాణికీ అద్దె దుకాణం. 1980ల్లో యండమూరి 'తులసీదళం' మీద దుమారం లేచినప్పుడు మనవాళ్ళు చేతబడిని ఖండించారు, ఖండించవలసిందే. ఆ నవలను వారం వారం ఇంటింటికీ చేర్చిన పత్రిక లెక్కలనూ, ఇల్లు కదలలేని ఆడవాళ్ళకు రోజుకు పావలాకి దొరికిన తీరికనూ పట్టించుకున్నది తక్కువ. పాఠకుణ్ణి తిట్టడం సులువు.

లైట్ నవల విషయంలోనూ అదే తొందర కనిపిస్తోంది. చచ్చి వేరే లోకంలో పుట్టే కథలన్నీ జపాన్ ఆర్థిక పతనం తాలూకు పలాయనమేనని కొందరంటారు. కొంత నిజమే కావచ్చు. కానీ ఫుజిమి గ్రంథమాల మొదలైన 1988లో అక్కడ డబ్బు బుడగ ఇంకా ఉబ్బుతూనే ఉంది. ఈ రూపం నిరాశలోంచి మాత్రమే పుట్టిందనడానికి తేదీలు ఒప్పుకోవు.

గోష్ఠి అయ్యాక ఆ కుర్రవాణ్ణి అడిగాను, తెలుగు నవల ఏదైనా చదివావా అని. ముందు ఫోన్లో కార్టూన్ చూశాడట, తరవాత కథ ఏమైందో తెలియక పుస్తకం కొన్నాడట. తెలుగు నవల చదవలేదు. మా ఊరి అద్దె పుస్తకాల కొట్టు అతను పుట్టకముందే మూతపడింది.