పొలముంది... పేరుంది... వెతికితే దొరకదు!

పంట రుణాల కాలం వచ్చిందంటే చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, పావగడ ఊళ్లలో జెరాక్సు అంగళ్ల ముందు జనం చేరతారు. బ్యాంకువాళ్లు పహణీ తెమ్మంటారు. ఆ పహణీ కంప్యూటర్లో ఉంది. ఇంట్లో కొడుకు దగ్గరో మనవరాలి దగ్గరో ఫోనూ ఉంది. అందులోనే చూసుకోవచ్చని సర్కారు చెప్తూనే ఉంది. మరి అంగడికెందుకు రావాలి?

"సర్వే నంబరెంతప్పా?" అంటాడు అంగడి కుర్రాడు.

"నంబరు నాకేం తెల్సు నాయినా, మా తాత పేరు కొట్టి చూడు" అంటాడు రైతు.

చిక్కంతా ఈ రెండు మాటల నడుమే ఉంది. రైతుకు పొలం తెలుసు. గట్టు తెలుసు, బావి తెలుసు, పక్క పొలం ఎవరిదో తెలుసు, తాత పేరూ తెలుసు. కంప్యూటరుకు ఇవేవీ అక్కర్లేదు. దానికి కావల్సింది నంబరు. మనిషికి తెలిసినదాన్ని పట్టుకుని మనిషికి కావల్సింది వెతికి ఇవ్వడమే వెతుకులాట తెర పని. ఆ పని అది ఎంతమాత్రం చేస్తోందో చూడటాన్నే కంప్యూటరువాళ్లు 'యూజబిలిటీ' పరీక్ష అంటారు. మన మాటల్లో వాడుక సుళువు. సరిహద్దు తెలుగువాళ్లకు ఈ పరీక్ష మరీ అవసరం. వీళ్లు వెతికేది ఒక భాషలో, రికార్డు ఉండేది ఇంకో భాషలో.

భూమి వచ్చింది, తాళంచెవి మారింది

కర్ణాటకలో 'భూమి' పథకం 2000 ప్రాంతంలో మొదలై రెండు మూడేళ్లలో తాలూకాలన్నిటికీ పాకింది. దాదాపు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను చేతిరాత పుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కించారు. తాలూకా కచేరీలో 15 రూపాయలు కడితే పహణీ చేతికొచ్చేది. అంతకుముందు గ్రామలెక్కిగుడి సంచిలో ఉండే పుస్తకం కోసం ఎన్ని తిరుగుళ్లు తిరగాలో, ఎన్ని చేతులు తడపాలో పాతవాళ్లను అడిగితే చెప్తారు. ఆ లెక్కన భూమి చేసిన మేలు చిన్నది కాదు.

అయితే అప్పుడు కచేరీ కిటికీలో కంప్యూటరు ముందు కూర్చున్నది ఆ పని నేర్చిన మనిషి. రైతు మాట విని, హోబళి ఏదో ఊహించి, రెండు మూడు తీర్ల వెతికి తీసిచ్చేవాడు. అదే రికార్డు ఇప్పుడు ఇంటర్నెట్‌లో అందరి ముందుకూ వచ్చింది. కిటికీ మనిషి లేడు. తెర మాత్రం పని నేర్చిన మనిషి కోసం చేసినట్టే ఉంది.

వరస చూడండి. ముందు జిల్లా ఎంచాలి. తర్వాత తాలూకా, హోబళి, ఊరు. ఆ తర్వాత సర్వే నంబరు కొట్టి పక్కనున్న 'గో' బటను నొక్కాలి. అది నొక్కకపోతే కింది గడులు ఖాళీగా ఉంటాయి, ఎందుకు ఖాళీగా ఉన్నాయో ఎవరూ చెప్పరు. తర్వాత 'సర్నాక్' అని ఒక గడి. చాలా సర్వే నంబర్లకు అందులో ఒక చుక్క గుర్తు తప్ప ఏమీ ఉండదు. అయినా దాన్ని ఎంచాల్సిందే. ఆ మాటకు అర్థం అడిగితే రోజూ పహణీలు తీసే కుర్రాళ్లలోనూ చెప్పగలిగేవాళ్లు తక్కువ. పిమ్మట హిస్సా నంబరు, కాలం, సంవత్సరం. ఒక్కచోట తప్పితే మళ్లీ మొదటికి.

మొదటి గడిలోనే బోర్లా పడేవాళ్లున్నారు. చింతామణి రైతు ఇంట్లో ఉన్న పాత కాగితం మీద కోలారు జిల్లా అని ఉంటుంది. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయింది. కోలారు ఎంచుకున్నవాడికి చింతామణి తాలూకా పట్టీలోనే కనిపించదు. హొసపేట సంగతీ అంతే. 2021లో విజయనగర జిల్లా వచ్చాక బళ్లారి కింద వెతికితే లేదు. అటు హోసూరు 2004 దాకా ధర్మపురి జిల్లా, ఆ తర్వాత కృష్ణగిరి. 'ఈ ఊరు ఇప్పుడు ఫలానా జిల్లాలో ఉంది' అని ఒక్క ముక్క చూపిస్తే సరిపోయేది. ఊరి పేరు కొడితే జిల్లా, తాలూకా తనంతట తానే చెప్పే వెతుకులాట చేయడం ఈ రోజుల్లో పెద్ద విద్యేమీ కాదు.

'బిన్'కు ముందా, వెనకా?

పేరుతో వెతికే దారి ఉన్నచోట తిప్పలు ఇంకో రకం. కర్ణాటక పహణీలో పేరు 'వెంకటరమణప్ప బిన్ మునియప్ప' అన్నట్టు ఉంటుంది. ఫలానా వారి కొడుకు అని. ఆడవాళ్లయితే 'కోం', అంటే ఫలానా వారి భార్య. తెలుగింటి అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు కొడితే అక్కడ ఇంటిపేరన్నదే ఉండదు. వెంకటరమణప్ప ఒకచోట వెంకటరవణప్ప, ఇంకోచోట వెంకటరోణప్ప. పిలిచే తీరును బట్టి ఒకప్పుడు లెక్కిగుడు రాసుకున్నాడు. కంప్యూటరులోకి ఎక్కించినవాళ్లు ఉన్నది ఉన్నట్టు ఎక్కించారు. వాళ్లను తప్పు పట్టడానికి లేదు. దిద్దితే ఇంకో గొడవ.

కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్లు గనక అక్షరం పోదు. తమిళనాట అలా కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ అక్షరం ఒక్కటే. ట వరసకు ఒకటి, త వరసకు ఒకటి, ప వరసకు ఒకటి. హోసూరు, డెంకణికోట, తళి వైపు తెలుగువాళ్ల పేర్లు ఆ లిపిలోకి పోయి తిరిగొచ్చేటప్పుడు వేషం మార్చుకొస్తాయి. గోవిందప్పను కోవిందప్ప అని చదవొచ్చు. బాలప్ప, పాలప్ప ఒకటైపోతారు. దశరథరామయ్య తసరతరామయ్య అవుతాడు. తమిళంలో చదివేవాడికి అలవాటు చొప్పున ఏది గ, ఏది క అన్నది తెలిసిపోతుంది. యంత్రానికి తెలియదు. తమిళంలో ఉన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేటప్పుడు అది 'జి' వేస్తుందో 'కె' వేస్తుందో దాని ఇష్టం. వెతికేవాడు 'జి' కొడితే 'కె' కింద ఉన్నది రాదు.

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు ఇంకో విడ్డూరం. ఒడియా రాతలో 'వ' పలుకు 'బ' అక్షరంతోనో 'భ' అక్షరంతోనో రాయడం మామూలు. వెంకటరావు బెంకటరావుగానూ ఉండొచ్చు, భెంకటరావుగానూ ఉండొచ్చు. ఒడిశా 'భూలేఖ్'లో ఖాతా నంబరు, ప్లాటు నంబరు, రైతు పేరు మూడింటిలో దేనితోనైనా వెతకొచ్చు. ఆ మాటకొస్తే మూడు దారులు తెరిచి పెట్టడం మెచ్చుకోవాల్సిందే. కాకపోతే పేరు ఒడియాలోనే చదువుకోవాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు చదివిన పిల్లలకు అది అక్షరాల గోడ.

మహారాష్ట్ర సాత్‌బారాదీ కొంత మేలే. గట్ నంబరుతోపాటు పేరుతోనూ వెతకనిస్తుంది. పేరు, నడిమి పేరు, ఇంటిపేరు వేరు వేరు. అయితే మరాఠీ వరసలో ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. సిరొంచ, దెగ్లూరు, ధర్మాబాద్ తెలుగువాళ్లు ఇంటిపేరుతో మొదలుపెట్టే అలవాటు కొద్దీ మొదటి గడిలో ఇంటిపేరు కొట్టి 'లేదు' అనిపించుకుంటారు.

'లేదు' అంటే ఏం లేనట్టు?

అన్ని తెరలకూ ఉన్న ఉమ్మడి జబ్బు ఈ 'లేదు'. రికార్డు లేదా? పేరు రాతలో తేడానా? తప్పు ఊరు ఎంచారా? సర్వరు నిద్రపోతోందా? నాలుగింటికీ జవాబు ఒక్కటే వస్తుంది. పొలం ఎవరో రాయించేసుకున్నారేమోనని గుండె గుభేలుమని కచేరీకి పరిగెత్తే ముసలాయనకు ఈ తేడా చాలా పెద్దది.

దీనికి మందు కొత్తదేం కాదు. పలుకు దగ్గరగా ఉన్న పేర్లన్నిటినీ ఒక గుంపులో వేసే 'సౌండెక్స్' పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంటు వచ్చింది. అది ఇంగ్లీషు పేర్లకు చేసినది. మన పేర్లకు క-గ, ప-బ, వ-బ, ళ-ల జతలు కలిపి అలాంటి పట్టీయే తయారు చేసుకోవచ్చు. అప్పుడు వెతికినవి కాస్త ఎక్కువే వస్తాయి, అక్కర్లేనివీ వస్తాయి. ఇరవై పేర్లలోంచి తనది ఏరుకోవడం మనిషికి తేలిక. ఒక్కటీ రాకపోతేనే చేయగలిగిందేం లేదు.

పరీక్ష ఎలా?

వాడుక సుళువును కొలవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. 1998లో వచ్చింది, 2018లో దిద్దారు. అది మూడు విషయాలు చూడమంటుంది. పని అయిందా? ఎంత శ్రమకు అయింది? అయ్యాక మనిషి తృప్తి పడ్డాడా? ఈ విద్యలో పేరున్న జేకబ్ నీల్సన్ లెక్కలో అయిదుగురిని కూర్చోబెట్టి చూస్తే చాలు, లోపాల్లో సుమారు 85 శాతం బయటపడతాయి. వందల మంది అక్కర్లేదు. ఒక తెలుగు సంఘమో కాలేజీ పిల్లలో ఆదివారం పూట చేయగలిగిన పనే.

చేసే తీరే ముఖ్యం. "తెర బాగుందా పెద్దాయనా?" అని అడిగితే "బాగుంది నాయినా" అనే అంటాడు. పిల్లల మనసు నొప్పించడు. అడగాల్సింది అది కాదు. "మీ నాయన పేరున్న పహణీ తీయండి" అని ఫోను చేతికిచ్చి పక్కన ఊరుకోవాలి. వేలు ఎక్కడ ఆగింది, ఏ మాట దగ్గర కళ్లు చికిలించాడు, ఎన్నిసార్లు వెనక్కి పోయాడు, ఎప్పుడు విసుగొచ్చి ఫోను పక్కన పెట్టాడు... ఇవి రాసుకోవాలి. సాయం చేయబుద్ధేస్తుంది. చేయకూడదు. అయిదుగురిలో ఒక ఆడమనిషి, స్థానిక భాష చదవలేనివాళ్లు ఒకరు, అరవై దాటినవాళ్లు ఒకరు తప్పక ఉండాలి.

ఇంకో సంగతి కూడా గమనించాలి. దొరికిందనుకున్నది తనదేనా? ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు ముగ్గురుంటారు. తండ్రి పేరు, విస్తీర్ణం పక్కనే చూపకపోతే పక్కవాడి పహణీ పట్టుకుని బ్యాంకుకు పోతాడు. దొరక్కపోవడం కన్నా ఇది చెడ్డది.

ఓటు దగ్గరా ఇదే పాట

2025 నవంబరు 4న తమిళనాడులోనూ, యానాం ఉన్న పుదుచ్చేరిలోనూ ఓటరు జాబితాల ప్రత్యేక సవరణ ఇంటింటి పని మొదలైంది. 2002, 2005 నాటి జాబితాల్లో తమ పేరో, తల్లిదండ్రుల పేరో వెతికి చూపాల్సొచ్చింది. ఇరవై ఏళ్ల కిందటి తమిళ జాబితాలో తెలుగు పేరు. అప్పటి బూత్ నంబరు ఎవరికి గుర్తుంటుంది? పెళ్లయి వేరే ఊరికి పోయిన ఆడపడుచుకు పుట్టింటి వీధి ఏ భాగం కిందికొస్తుందో ఎలా తెలుస్తుంది? పేరుతో వెతికితే రాతలో తేడా. ఇప్పటి జాబితాకైతే గుర్తింపు కార్డు మీది మూడక్షరాలు, ఏడంకెల నంబరు కొడితే క్షణంలో వస్తుంది. కార్డు ఉన్నవాళ్లకు దిగుల్లేదు.

నంబరే తాళంచెవి అయినప్పుడు ఆ నంబరు ఎలా దొరుకుతుందన్నది మిగిలిన ప్రశ్న. కర్ణాటకలో 'దిశాంక్' అనే ఫోను యాప్ ఈ పని కొంత చేస్తోంది. పొలంలో నిలబడి తెరిస్తే కాళ్ల కింద ఉన్న సర్వే నంబరు పటం మీద చూపిస్తుంది. భాష రాకపోయినా, తాత పేరు ఎలా రాశారో తెలియకపోయినా ఫరవాలేదు. హిస్సా నంబరు మటుకు భూమిలోనే వెతుక్కోవాలి. గట్టు దగ్గర నిలబడితే పక్క నంబరు చూపే అవకాశం ఉంటుంది గనక పొలం నడుమకు పోయి చూడటం మేలు.

నంబరు దొరికిన రోజున జిల్లా, తాలూకా, హోబళి, ఊరు, సర్వే నంబరు, హిస్సా, రికార్డులో పేరు ఎలా ఉందో అలాగే, స్థానిక లిపిలోనే ఒక కాగితం మీద రాసి పాసుబుక్కులో పెట్టుకుంటున్న ఇళ్లున్నాయి. ఆ కాగితం చూపిస్తే అంగడి కుర్రాడికి పట్టేది రెండు నిమిషాలే.