మీ ఇల్లెక్కడ?

క్రిందటి దీపావళికి మా ఇంటికి వచ్చిన ఒక మిత్రుడు, ఫలహారం ముగించి చేతులు కడుక్కున్న తరువాత, పర్సులోంచి భద్రంగా ఒక కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "మాస్టారూ, మొత్తానికి మాకూ వచ్చింది" అన్నాడు. అది అమెరికా గ్రీన్ కార్డు. కూతురు అక్కడి పౌరురాలయ్యాక తల్లిదండ్రులిద్దరికీ తెప్పించింది. నేను అభినందనలు చెప్పేలోగానే అడిగాడు: "ఆరు నెలలకోసారి పోయి ముఖం చూపించి వస్తే చాలంట గదా?"

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్నది. నా వైపు ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు అర్థం నాకు తెలుసు. ఇదే మాట 2013లో నేనూ అన్నాను. అన్నవాణ్ణి ఇప్పుడు కార్డు లేకుండా కూర్చున్నాను.

ఆ మిత్రుడికి ఆ సాయంత్రం చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను. సోలాపూర్ పూర్వభాగంలోనే కాదు, బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, యానాంలోనో ఉన్న మన కుటుంబాల్లో కూడా పిల్లలు పంపించిన ఇటువంటి కార్డులు దేవుడి అరలో ఉండవచ్చు. వారికి పనికివస్తుందని నా ఆశ.

కార్డు వచ్చిన వేళ

మా పెద్దవాడు 1998లో కంప్యూటర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్ళాడు. 2011లో అక్కడి పౌరుడయ్యాడు. పౌరులైన పిల్లలు తల్లిదండ్రులకు దరఖాస్తు పెడితే, అన్నదమ్ములకు పెట్టినట్టు ఏళ్ళ తరబడి వరుసలో నిలబడవలసిన పని లేదు. 2013లో సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబయి వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాం. అప్పటికి నేను లెక్కల మాస్టరుగా రిటైరై నాలుగేళ్ళు. రెండు సోలాపూర్ దుప్పట్లు, మా ఆవిడ దంచిన కారం, పల్లీల పొడి పట్టుకుని న్యూజెర్సీలో దిగాం.

గ్రీన్ కార్డు తీసుకుంటే భారత పౌరసత్వం పోతుందని మా వీధిలో కొందరు భయపెట్టారు. అది నిజం కాదు. మన పాస్‌పోర్టు మనదే. కార్డు ఇచ్చేది అక్కడ శాశ్వతంగా నివసించే హక్కు మాత్రమే. ఆ 'నివసించే' అన్న మాట బరువు మాకు అప్పుడు తెలియలేదు. ఏ ఊరికైనా వెళ్ళి రావడానికి దొరికిన పెద్ద పాసు అనుకున్నాం.

మనవరాలికి అప్పుడు మూడేళ్ళు. నాలుగైదు నెలలు అక్కడ, ఏడెనిమిది నెలలు ఇక్కడ. ఇదీ మా లెక్క. మా అమ్మ, మేమంతా 'అవ్వ' అని పిలిచే ఆవిడ, ఆ నెలల్లో తమ్ముడి దగ్గర ఉండేది. సిద్ధేశ్వరుడి జాతరకూ, నారళీ పున్నమికి మార్కండేయ రథానికీ మేం ఇక్కడే ఉండాలని ఆవిడ పట్టుదల. మాకూ అదే ఇష్టం.

2016లో ఏడు నెలల తరువాత వెళ్ళినప్పుడు విమానాశ్రయంలో అధికారి పాస్‌పోర్టు ముద్రలన్నీ తిరగేశాడు. ఎక్కడ ఉంటారని అడిగితే మావాడి అడ్రసు చెప్పాను.

"అది మీ అబ్బాయి ఇల్లు. మీ ఇల్లెక్కడ?" అన్నాడు.

ముప్పయ్యేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగిన వాణ్ణి, జవాబు దొరకలేదు. అతను మర్యాదగానే, "ఇక్కడ ఉండండి, లేదా వీసా మీద చూడటానికి రండి. రెండూ ఒకే కార్డు మీద కుదరవు" అని చెప్పి లోపలికి పంపాడు.

రూలు ఏమిటి?

అప్పుడు కూర్చుని తెలుసుకున్న సంగతులు వరుసగా చెబుతాను.

ఒక్కసారిగా 180 రోజులకు మించి బయట ఉండి వస్తే, కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిని చూసినట్టు చూసే అధికారం చట్టం వారికి ఇస్తుంది. ఏడాది దాటితే ఆ కార్డు ఒక్కటే చూపి దేశంలోకి రావడానికి చెల్లదు. కాబట్టి ఏడాది లోపు వెళితే క్షేమమని చాలామంది అనుకుంటారు. అదే పొరపాటు. రోజుల లెక్క ఒక ఎత్తు, మనసులో ఉద్దేశం ఒక ఎత్తు. ఇల్లు ఎక్కడుంది, ఆదాయం ఎక్కడ, కుటుంబం ఎక్కడ, ఏ పని మీద బయటికి వెళ్ళారు, ఆ పని ఎప్పటికి ముగుస్తుంది, అక్కడ పన్ను లెక్కలు చూపుతున్నారా అని అన్నీ కలిపి చూస్తారు. ఆరు నెలలకోసారి వెళ్ళి పదిహేను రోజులుండి వచ్చేవారి కార్డు కూడా పోవచ్చు.

పన్ను సంగతి మనవాళ్ళు అసలు తలచుకోరు. శాశ్వత నివాసి ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడి లెక్కలోకి వస్తుంది. మన పెన్షనూ, మేడ మీద వాటా అద్దే కూడా. అక్కడి నివాసిని కానని రిటర్ను వేస్తే, కార్డు వదులుకున్నానని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు.

ఎక్కువ కాలం బయట ఉండక తప్పదనుకుంటే ముందుగా 'రీ ఎంట్రీ పర్మిట్' తీసుకోవాలి. దరఖాస్తు పెట్టేటప్పుడు మనిషి అమెరికాలోనే ఉండాలి, వేలిముద్రలు ఇవ్వాలి. సాధారణంగా రెండేళ్ళకు ఇస్తారు. దాన్ని పొడిగించరు, మళ్ళీ వెళ్ళి కొత్తది అడగాలి. సోలాపూర్‌లో కూర్చుని అడగడానికి వీల్లేదు.

మేం 2017 ఆగస్టులో దరఖాస్తు పెట్టి, వేలిముద్రలు ఇచ్చి, డిసెంబరులో బయలుదేరాం. పర్మిట్లు 2018 జనవరిలో మావాడి ఇంటికి వచ్చాయి. గడువు 2020 జనవరి. మావాడు వాటిని ఇక్కడికి పంపుతూ, "బాపూ, ఈ తేదీ గోడ మీద రాసుకోండి" అని ఫోను చేశాడు.

తేదీ దాటిన వైనం

2018 మార్చిలో అవ్వ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఆపరేషను చేశారు గాని మళ్ళీ తనంతట తాను నడవలేదు. మరదలు ఒక్కతే ఎత్తి దించలేక నడుం పట్టేసుకుంది. అవ్వను మా ఇంటికి తెచ్చుకున్నాం. మా ఆవిడ రెండు పూటలా ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, జావ తాగించేది. నాలుగేళ్ళు అలా చేసింది. ఒక్కనాడు విసుక్కోలేదు.

2019 నవంబరులో మావాడు ఫోను చేశాడు. "బాపూ, గడువు దగ్గరికొస్తున్నది. ఒక్క నెల రండి. ఇద్దరూ కుదరకుంటే ముందు ఒకరు రండి, తర్వాత ఒకరు రండి. ఇక్కడ ఉండగా మళ్ళీ దరఖాస్తు పెడదాం" అన్నాడు. తమ్ముడు కూడా, "అన్నా, నెల రోజులు మేం చూసుకుంటాం, పో" అన్నాడు.

ఇప్పుడు రాయడానికి కష్టమైన మాట ఇది. నేను వెళ్ళలేదు. అవ్వకు అప్పుడు దగ్గు, ఆయాసం ఉన్నమాట నిజమే. కాని నెల రోజులు ఏర్పాటు చేయలేనంత కష్టం లేదు. ఆ మంచులో, ఆ అద్దాల కిటికీ పక్కన, మావాడూ కోడలూ ఆఫీసు నుంచి వచ్చేదాకా గడియారం చూస్తూ కూర్చోవడం నాకిక వద్దనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మావాడికి "అవ్వకు బాగాలేదురా" అన్నాను. మా ఆవిడకు "ఇంకా టైముంది" అన్నాను. జనవరి వచ్చింది, పోయింది.

మా ఆవిడకు తేదీల సంగతి నేను చెబితేనే తెలుస్తుంది. ఆవిడకు అక్కడ ఉండటమే ఇష్టమని కాదు. మనవరాలి జడ వేయడం ఇష్టం. కొడుక్కి జ్వరం వస్తే ఎవర్నీ అడగకుండా విమానం ఎక్కగలనన్న ధైర్యం ఇష్టం. ఆ కార్డు ఆవిడకు ఆ ధైర్యం. పసుపు కుంకుమల డబ్బాలో పెట్టుకుంది.

2020 మార్చిలో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. అందరికీ చెప్పుకోవడానికి నాకు మంచి సాకు దొరికింది. 2022 మే నెలలో అవ్వ పోయింది. తొంభై రెండేళ్ళు. చివరి రోజుల్లో నన్ను గుర్తుపట్టలేదు గాని, మా ఆవిడ చెయ్యి పట్టుకుని "బిడ్డా, నువ్వు యాడికి పోకు" అనేది.

దినవారాలన్నీ అయ్యాక మా ఆవిడ డబ్బాలోంచి కార్డు తీసి, "ఇక పోదామా?" అంది. అప్పుడు చెప్పాను. పర్మిట్ గడువు 2020 జనవరిలోనే తీరిందనీ, విమానాలు ఆగింది ఆ తరువాతనేననీ, నేను కావాలనే ఊరుకున్నాననీ.

ఆవిడ అరవలేదు. "నా కొడుకు ఇంటికి పోయే తొవ్వ మూసేటప్పుడు నాకొక మాట చెప్పొద్దా?" అంది. తరువాత వారం రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

మిగిలిన దారులు

మావాడు అక్కడ ఒక వకీలును అడిగాడు. ఏడాది దాటినవారికీ, పర్మిట్ గడువు తీరినవారికీ ఒక దారి ఉంది. కాన్సులేటులో 'తిరిగి వచ్చే నివాసి' వీసా అడగాలి. ఎస్‌బీ-1 అంటారు. తిరిగి రావాలన్న ఉద్దేశంతోనే బయలుదేరామనీ, ఆ ఉద్దేశం వదులుకోలేదనీ, మన చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైందనీ రుజువులతో చూపాలి. ఒప్పుకుంటే వైద్య పరీక్షలూ, ఫీజులూ మళ్ళీ మొదటినుంచి.

అవ్వ ఆసుపత్రి కాగితాలు మా దగ్గర దండిగా ఉన్నాయి. కాని 2018 నుంచి అక్కడ పన్ను రిటర్ను వేయలేదు, బ్యాంకు ఖాతా మూసేశాం, ఇల్లూ పెన్షనూ ఇక్కడే. ముఖ్యంగా, "ఉద్దేశం వదులుకోలేదు" అని నేను సంతకం చేయాలి. అది అబద్ధమని నాకు తెలుసు. మా ఆవిడ ఒక్కతే పెట్టుకుంటే నిజమే చెప్పినట్టయ్యేది. "నువ్వు పెట్టుకో" అన్నాను. చాలా రోజులు ఆలోచించి, "ఒక్కదాన్ని ఆడ ఏం జేస్త?" అంది.

ఇక మిగిలింది కార్డు మనంతట మనమే వదులుకోవడం. ఐ-407 అనే ఫారం నింపి, కార్డుతో కలిపి పోస్టులో అమెరికాకు పంపాలి. ఇక్కడ ఒక హెచ్చరిక. విమానాశ్రయంలో ఎవరైనా ఈ ఫారం మీద సంతకం పెట్టమంటే కంగారులో పెట్టకండి. అది ఇష్టపూర్వకంగా పెట్టేది, బలవంతం లేదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటామని అడిగే హక్కు ఉంది. మీరు నివాసం వదులుకున్నారని రుజువు చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. కార్డు మీద పదేళ్ళ గడువు తీరినంత మాత్రాన హోదా పోదు. కార్డు మీద గడువు ఉన్నంత మాత్రాన హోదా నిలవదు కూడా.

2023లో ఇద్దరం సంతకాలు పెట్టాం. నా ఫారం ఆ రోజే నింపాను. ఆవిడది నెల రోజులు దేవుడి అరలో ఉంది. ఒక శుక్రవారం పొద్దున తానే తీసి, సంతకం పెట్టి, "పిల్లకు చెప్పకండి" అంది. మనవరాలికి అప్పటికి పదమూడేళ్ళు. తల్లిదండ్రులు చెప్పనే చెప్పారు. అది ఫోనులో, "నాయినమ్మా, మళ్ళీ అప్లై చేయొచ్చంట. నాన్న పెడతాడు" అంది. అది నిజమే. ఒకసారి వదులుకున్నంత మాత్రాన దారి శాశ్వతంగా మూసుకుపోదు. పౌరులైన పిల్లలు మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టవచ్చు.

తాతగారి పెంకుటిల్లు

ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు నాకు మా తాత గుర్తొచ్చేవాడు. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మగ్గం పని కోసం సోలాపూర్ వచ్చాడు. ఊళ్ళో ఆయన పేర ఒక పెంకుటిల్లు ఉండేది. వచ్చే సంక్రాంతికి పోతాను, ఆపై సంక్రాంతికి పోతాను అనేవాడట. పన్ను కట్టడం ఆగిపోయింది. దాయాదులు అందులో కాపురం పెట్టారు. మా నాయన పెళ్ళి శుభలేఖ పట్టుకుని వెళితే, ఆ ఇంటి అరుగు మీదే చాప వేసి, "సోలాపూర్ చుట్టాలొచ్చిన్రు" అని మంచినీళ్ళిచ్చారట. ఎవరూ వెళ్ళగొట్టలేదు. మేమే వెళ్ళలేదు.

అమెరికా ఇల్లూ నాకు అలాగే పోయింది. తాత తన ఇల్లు తాను పోగొట్టుకున్నాడు. నేను మా ఆవిడది కూడా కలిపి పోగొట్టాను. తేడా అంతే.

2024లో ముంబయి వెళ్ళి మామూలు సందర్శకుల వీసా అడిగాం. కార్డు వదులుకున్న కాగితం చూపించాం. పదేళ్ళకు ఇచ్చారు. ఆ వేసవిలో వెళ్ళాం. విమానాశ్రయంలో అధికారి, ఎక్కడ ఉంటారని అదే ప్రశ్న అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ "సోలాపూర్" అంది. అతను ముద్ర వేసి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఇదంతా విని మా మిత్రుడు కార్డు మళ్ళీ పర్సులో పెట్టుకుంటూ, "అయితే ఏం చేయమంటారు?" అన్నాడు. అక్కడ ఉండాలనుకుంటే నిజంగా ఉండండి. వద్దనుకుంటే మర్యాదగా వదులుకుని వీసా మీద వెళ్ళి రండి. రెంటిలో ఏదైనా తప్పు కాదు. కాని ఆ నిర్ణయం ఇద్దరూ కూర్చుని చేయండి, తేదీ చేత చేయించకండి, అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ, "వాళ్ళ ఇంటామెకు కూడా చెప్పమనండి" అంది.