గుట్ట పాదాన రంగశాల

మన ధర్మపురి పరిసరాలలో ద్రౌపదమ్మ తిరునాళ్లు వచ్చినవంటే తెల్లవార్లూ తెరుక్కూత్తు, అనగా మన వీధినాటకం వంటిదే, ఆడతారు. పిల్లలు ముందుగా పోయి నేలమీద చతికిలబడతారు. ఆలస్యంగా వెళ్లిన పెద్దలం వెనుక నిలబడి, తలపాగాల సందులలోనుంచి అర్జునుడి కిరీటం మాత్రం చూచి ఇంటికి వస్తాము. వచ్చిన ప్రతివారికీ ఆట కనపడాలి, మాట వినపడాలి. ఆరుబయట రంగశాల కట్టేవారికి ఉన్న చిక్కంతా ఇదే.

ఈ చిక్కును తెలుగునేలమీద సుమారు 1,700 ఏండ్ల క్రితమే విప్పినారు. కృష్ణా తీరాన ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఉండేది. అదే నాగార్జునకొండ లోయ. అక్కడ ఒక గుట్ట పాదాన రంగశాల కట్టినారు. నడుమ సుమారు 54 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు గల ఆటస్థలం. దానికి నాలుగు వైపులా ఇటుకతో మెట్లు, వాటిపైన పరచిన రాతిపలకలు. ప్రతి వరుసా ముందు వరుసకంటె ఎత్తు గనుక ఒకరి తల మరొకరికి అడ్డు రాదు. చుట్టూ మెట్లున్నందువల్ల నడుమ పలికిన మాట బయలులో చెదరిపోక కూర్చున్నవారిని చేరుతుంది. రోమనుల రంగశాలలు కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండేవి, ఇది దీర్ఘచతురస్రం. ఆ లోయలో రోము బంగారు నాణేలు కూడా దొరికినవి.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేసినారు. పొలాలకు నీరు వస్తుంది, కాని లోయ మునుగుతుంది. అందుచేత 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి నాయకత్వాన పురావస్తుశాఖవారు లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను ఎత్తైన చోట్లకు చేర్చినారు. ఈ రంగశాలను జలాశయపు ఒడ్డున అనుపు వద్ద తిరిగి నిలబెట్టినారు. నేడు అది పల్నాడు జిల్లాలో ఉన్నది.

మేము అనుపు వెళ్లినప్పుడు పై మెట్టున కూర్చుని, మా పిల్లవాణ్ణి నడుమ నిలబెట్టి ఒక పద్యం చదవమన్నాము. వాడు గొంతు పెంచలేదు. అయినా ప్రతి అక్షరమూ వినపడింది. పద్యం ముగిసిన తరువాత చప్పట్లు కొట్టినవారము మాత్రం మేము నలుగురమే. అది మా మనస్సుకు కష్టం కలిగించింది.

మన పెద్దలూ ఒకనాడు ఊళ్లు విడిచి ఇటు వచ్చినవారే. భాషనూ, పద్యాన్నీ వెంట తెచ్చుకున్నారు. రాళ్లను మోసుకుపోయి మరొకచోట పేర్చవచ్చును. మెట్లు నిండడానికి మనుషులే రావాలి.

కాబట్టి సంఘం పెద్దలకు మా మనవి. ఈసారి పిల్లల నాటకానికి హాలు అద్దె విచారించే ముందు ఊరి వెలుపల ఒక వాలు నేల చూడండి. పల్లాన ఆట, వాలున మనము. చాపలు ఎవరివి వారే తెచ్చుకుందాము.