సూది మందుకు చల్లదనమే ప్రాణం

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్ గారు అప్పగించిన అంశం పశ్చిమ ప్రకాశం నీళ్లు, కిడ్నీలు. ఫ్లోరైడ్ బోర్ల గురించి, వెలిగొండ నీళ్ల ఎదురుచూపుల గురించి చాలామంది రాశారు. ఇంకా రాయాల్సిందే. నన్ను మాత్రం ఒక కాగితం వదలలేదు. రక్తం పట్టడానికి కిడ్నీ రోగులు వేయించుకునే ఎరిథ్రోపొయెటిన్ ఇంజెక్షన్ పెట్టెలో మడతలు పెట్టి ఉంచే కాగితం అది. అక్షరాలు చీమ తలకాయంత.

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టనివ్వకూడదు. కుదపకూడదు. వెలుతురు తగలనివ్వకూడదు.

మే నెలలో మార్కాపురం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్కడ మందు కొని, ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, బస్సెక్కి దోర్నాలకో కొమరోలుకో పోయే మనిషికి ఈ నాలుగు మాటలూ ఎవరు చదివి చెప్పాలి?

అదే కాగితంలో ఇంకాస్త కిందికి వెళితే ఒక జబ్బు పేరు ఉంటుంది: ప్యూర్ రెడ్ సెల్ అప్లేసియా. చాలా అరుదైనది. ఇందులో ఎముక మజ్జ తెల్ల కణాలను, ప్లేట్‌లెట్లను మామూలుగానే తయారుచేస్తుంది, ఎర్ర కణాలను మాత్రం దాదాపు ఆపేస్తుంది. ఎర్ర కణాలు తయారుచేయమని మజ్జకు కబురు పంపే హార్మోన్ ఎరిథ్రోపొయెటిన్ కిడ్నీలో పుడుతుంది. కిడ్నీ చెడితే ఆ కబురు తగ్గుతుంది కాబట్టే ఇంజెక్షన్. మందు వేడెక్కితే అందులోని ప్రొటీన్ రూపు చెడి, అణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒళ్లు వాటిని పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేసే ప్రమాదం ఉంది. ఆ యాంటీబాడీలు ఇంజెక్షన్‌తో ఆగవు, ఒంట్లో మిగిలిన కాస్త సొంత హార్మోన్‌నూ పనిచేయనివ్వవు.

యూరప్ దీన్ని కళ్లారా చూసింది. 1998లో అక్కడ ఎప్రెక్స్ అనే ఎరిథ్రోపొయెటిన్ మందులోంచి మానవ ఆల్బుమిన్‌ను తీసేసి పాలీసార్బేట్ 80 కలిపారు. అంతకుముందు పదేళ్లలో ఇలాంటి కేసులు మూడే బయటికొచ్చాయి. 2002 ఫిబ్రవరిలో నికోల్ కాసాడెవాల్ బృందం ఒకేసారి 13 మంది రోగుల వివరాలు ప్రచురించింది. సిరంజి రబ్బరు బిరడా నుంచి మందులోకి దిగిన పదార్థాల మీద అనుమానం, చర్మం కింద ఇవ్వడం మీద అనుమానం, చల్లదనం తప్పడం మీద అనుమానం. ఏ ఒక్కటీ పూర్తిగా తేలలేదు. కానీ బిరడాకు పూత వేసి, కిడ్నీ రోగులకు చర్మం కింద ఇవ్వడం ఆపి, నిల్వ మీద నిఘా పెంచాక కేసులు బాగా పడిపోయాయి.

చరిత్ర క్లుప్తంగా: 1922లో కాజ్నెల్సన్ ఈ జబ్బును మొదట వర్ణించాడు. 1977లో మియాకే, గోల్డ్‌వాసర్ బృందం జపాన్ రోగుల నుంచి సేకరించిన 2,550 లీటర్ల మూత్రంలోంచి కొన్ని మిల్లీగ్రాముల హార్మోన్‌ను శుద్ధి చేసింది. 1989లో అమెరికాలో మందుకు అనుమతి వచ్చింది.

మన దగ్గర అన్ని నిందలూ నీళ్ల మీదకే పోతున్నాయి. నాకది సమ్మతం కాదు. నీళ్లు మారడానికి ఏళ్లు పడుతుంది, మందును చల్లగా ఇల్లు చేర్చడం ఈ వేసవికే చేయొచ్చు. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం 2019లో పింఛనును నెలకు 10 వేలు చేసింది. దానితోపాటు ఒక ఐస్ డబ్బా కూడా ఇవ్వాలని గట్టిగా అడుగుతున్నాను. ఐస్ ప్యాక్ మందుకు నేరుగా తగలకూడదు, గడ్డకట్టినా అది పాడవుతుంది.

ఇంజెక్షన్లు వేయించుకుంటున్నా రక్తం పడిపోతుంటే ముందు ఐరన్ లోపం, ఇన్‌ఫెక్షన్, డయాలసిస్ చాలకపోవడం చూస్తారు. ఎక్కువమందిలో కారణం వీటిలోనే దొరుకుతుంది. దొరక్కపోతే డోసు పెంచుకుంటూ పోకుండా రెటిక్యులోసైట్ పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. కొత్త ఎర్ర కణాలు పుడుతున్నాయో లేదో అది చెబుతుంది. యాంటీబాడీలే కారణమని తేలితే ఇంజెక్షన్ ఆపేస్తారు. స్టెరాయిడ్లు, సైక్లోస్పోరిన్ వాడతారు. కిడ్నీ మార్పిడి తర్వాత మజ్జ మళ్లీ పనిలో పడిన రోగులు ఉన్నారు.

ఈ జబ్బు ఇంకెందుకు వస్తుంది?

ఛాతీలో థైమస్ గ్రంథికి వచ్చే గడ్డ ఒక కారణం. కొన్ని రకాల లింఫోసైట్ క్యాన్సర్లు మరొకటి. పార్వోవైరస్ బి19 ఎర్ర కణాల మాతృకణాల్లోకే దూరుతుంది. ఆరోగ్యవంతులు తొందరగా తేరుకుంటారు, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో అది తిష్ఠ వేస్తుంది. పుట్టుకతో వచ్చే రూపాన్ని డైమండ్-బ్లాక్‌ఫ్యాన్ అనీమియా అంటారు. దానికి కారణమైన జన్యువుల్లో మొదటిది 1999లో దొరికింది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, టీబీకి వాడే ఐసోనియాజిడ్ కూడా అరుదుగా దీన్ని తెస్తాయి. సొంతంగా మాత్రలు మానేయకూడదు. డాక్టరు మందు మార్చితే సాధారణంగా మజ్జ కోలుకుంటుంది.